ఉద్దెర అంటే రుణమా?



ఛందస్సు మీద వ్రాస్తానన్న వ్యాసం మళ్ళీ వాయిదా పడింది, మన్నించండి. ఈసారి వ్రాయబోయేది అంగడి సరుకుల సంగతి. తెలుగు పండితుడికి సబ్బులతో, షాంపూలతో పనేమిటని మీరు అడగవచ్చు. ఒక్క తెలుగు మాట మూలంగా ఒక అమ్మాయికి పదకొండు రోజుల కష్టార్జితం పోయింది. ఆ మాట వాడమని సలహా ఇచ్చినవాణ్ణి నేను. అందువల్ల ఈ సంగతి నన్ను వదలడం లేదు. మాటల సంగతి గనుక మీకూ పట్టక తప్పదని నా నమ్మకం.

హైదరాబాదుకు ఉత్తరాన ఉన్న జీడిమెట్ల పారిశ్రామికవాడ పేరు మీరు వినే ఉంటారు. మందుల కర్మాగారాలు, రసాయనాలు, ప్లాస్టిక్కు, ఇనుప సామాను తయారయ్యే చోటు. దాని చుట్టూ షాపూర్‌నగర్, చింతల్, సుభాష్‌నగర్, గాజులరామారం. పాలమూరు, మెదక్ పల్లెల నుండి, శ్రీకాకుళం, విజయనగరం నుండి, ఒడిశా, బీహారుల నుండి పనికి వచ్చినవాళ్ళు వరుస గదులలో కాపురముంటారు. ఒక్కొక్క వరుసకు ఒక్కొక్క యాస. మాదాపూరు గాజు మేడలు ఇక్కడికి కొద్ది మైళ్ళే అయినా, ఆ లోకం వేరు, ఈ లోకం వేరు. ఈ లోకం ఏమి కొంటుందో ఆ లోకానికి తెలియజెప్పే వృత్తి ఒకటి ఉంది. దానినే మార్కెట్ రీసెర్చ్ అంటున్నారు. మన భాషలో విపణి పరిశోధన.

ఆ వృత్తిలో అట్టడుగు మెట్టు మీద ఉన్నది నా పూర్వ విద్యార్థిని ఒకామె. పదవ తరగతిలో నా వద్ద తెలుగు చదువుకుంది. ఇప్పుడు ఇల్లిల్లూ తిరిగి సర్వే చేస్తుంది. ఏ సబ్బు వాడతారు, ఏ నూనె కొంటారు, కిరాణా దుకాణంలోనా, సూపర్‌మార్కెట్టులోనా, ఫోనులోనా, ఎన్నాళ్ళకొకసారి, ఎంతకు? ఇవీ ప్రశ్నలు. చేతిలో ట్యాబు, నెత్తిన ఎండ. నెలజీతం లేదు. పూర్తయి, పైవారి ఆమోదం పొందిన ఒక్కొక్క ఫారానికి ఇంత అని లెక్క. ఆమోదం పొందకపోతే తిరిగిన తిరుగుడంతా వృథా.

నిరుడు ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మంచినీళ్ళకని మా ఇంటికి వచ్చింది. కాసేపు కూర్చుని, సంకోచిస్తూనే ట్యాబు నా చేతికిచ్చింది.

"సార్, ఈ తెలుగు మీరొకసారి చూడండి. నేను చదువుతుంటే జనం నవ్వుతున్నారు" అంది.

చూశాను. "మీ గృహములో తినదగిన నూనె యొక్క నెలవారీ వినియోగము ఎంత?" అని ఉంది. ఇంగ్లీషు ప్రశ్నకు మాటకు మాట పేర్చిన వాక్యం. ఒక పెద్దావిడ ఈ ప్రశ్న విని, "నూనె ఎవరన్న తింటరా బిడ్డా?" అని అడిగిందట. మన ఊళ్ళలో ఆ సరుకుకు మంచినూనె అని పేరుంది. కాకపోతే వంటనూనె అనవచ్చు. ఇక "నెలకు ఎన్ని మిల్లీలీటర్ల షాంపూ ఉపయోగింతురు?" అన్న ప్రశ్న మరొకటి. వారానికి రెండు పాకెట్లు చింపుకొనే ఇల్లాలికి మిల్లీలీటరుతో పనేమిటి? ఆమె కొలమానం పాకెట్టు.

నాకు కుతూహలం కలిగింది. మరునాడు ఆదివారం. సుభాష్‌నగర్‌లో ఒక వరుస గదులకు ఆమె వెంట నేనూ వెళ్ళాను. పంతులుగారు వచ్చారని ఒక ఇల్లాలు పీట వేసింది. ఆమెది మెదక్ వైపు ఊరు. ప్రశ్నలు సాగాయి. ఇరవయ్యో ప్రశ్నో ఏదో, "మీరు నిత్యావసర సరుకులను రుణముపై కొనుగోలు చేయుదురా?" అని వచ్చింది.

"లేదమ్మా. మాకెవరిస్తరు లోను?" అంది ఆమె. మా అమ్మాయి "లేదు" అన్నచోట వేలుతో నొక్కింది.

అంతలో ఆ ఇల్లాలి కొడుకు నూనె పాకెట్టు పట్టుకొని వచ్చాడు. "శావుకారి ఖాతాల రాసుకున్నడే అమ్మా" అని చెప్పి ఆటకు పోయాడు. నేను ఉండబట్టలేక, "ఉద్దెర తెచ్చుకుంటారా తల్లీ?" అని అడిగాను.

"ఉద్దెర లేకుంటే నెల ఎట్ల గడుస్తది సారూ?" అంది. ఆ గొంతులో సంకోచం గాని, సిగ్గు గాని లేవు.

రెండు నిమిషాల వ్యవధిలో ఒకే మనిషి ఒకే సంగతికి ఇచ్చిన రెండు జవాబులివి. ఆమె అబద్ధమాడలేదు. రుణం అంటే ఆమె దృష్టిలో బ్యాంకువాడిచ్చేది, సంఘం ద్వారా వచ్చేది, వడ్డీ కట్టవలసినది, సంతకం పెట్టవలసినది. ఉద్దెర అంటే శావుకారి చీటీ మీద వ్రాసుకునేది, జీతం రాగానే తీర్చేది, వడ్డీ లేనిది, నమ్మకమే పూచీ అయినది. ఆమె జీవితంలో ఈ రెండూ వేర్వేరు వస్తువులు.

ఇక్కడ నా వృత్తిగర్వానికి ఒక చెంపదెబ్బ తగిలిన మాట కూడా ఒప్పుకోవాలి. ఇంటికి వచ్చి అమరకోశం తీశాను. వైశ్యవర్గంలో ఋణము, ఉద్ధారము పర్యాయపదాలుగానే ఉన్నాయి. మన ఉద్దెర, హిందీవారి ఉధార్ ఆ ఉద్ధారానికి సంతానమే. అంటే నిఘంటువు తెరిచి చూస్తే ఆ అనువాదకుడిది తప్పు కాదు. తప్పని నేను పరీక్షలో మార్కులు కొట్టివేయలేను. అమరసింహుడి లెక్కలో ఒకటైన రెండు మాటలు షాపూర్‌నగర్ సందులో రెండయ్యాయి. ఏ లెక్క పట్టుకుని జవాబు రాబట్టాలి? జవాబు చెప్పవలసిన మనిషి లెక్కనే కదా!

అందుకే మా అమ్మాయికి సలహా ఇచ్చాను. తెలంగాణ పల్లెల వాళ్ళను ఉద్దెర అని అడుగు, శ్రీకాకుళం వాళ్ళను అరువు అని అడుగు, ఎవరి మాటలో వాళ్ళను అడుగు అన్నాను. ఆమె అలాగే అడిగింది. పదకొండు రోజులు అడిగింది. ఇంటి తరువాత ఇంట్లో "అవును" అన్న జవాబు వచ్చింది. వాస్తవం అదే గనుక వచ్చింది.

ఆ తరువాత జరిగింది చెబుతాను. నింపిన ఫారాలలో కొన్నిటిని ఏరి, ఆ ఇళ్ళకు ఫోను చేసి సరిచూడడం ఈ వృత్తిలో పరిపాటి. చెట్టు నీడన కూర్చొని ఊహించి ఫారాలు నింపేవాళ్ళు ఉంటారు గనుక ఆ తనిఖీ అవసరమే, కాదనను. మా అమ్మాయి ఫారాలలో "అవును"లు మిగతావారి ఫారాలకంటే మరీ ఎక్కువగా కనబడ్డాయట. అనుమానం వచ్చింది. ఫోన్లు చేశారు. ఫోనులోని గొంతు అచ్చులో ఉన్న ప్రశ్ననే చదివింది: "మీరు నిత్యావసర సరుకులను రుణముపై కొనుగోలు చేయుదురా?" ఇల్లాళ్ళు ఎప్పటిలాగే "లేదండీ" అన్నారు. ఫారంలో అవును, ఫోనులో లేదు. కాబట్టి ఫారాలు కల్పితమని తేల్చారు. పదకొండు రోజుల ఫారాలనూ తిరస్కరించారు.

నిజం రాబట్టిన పిల్ల దొంగ అయింది. అబద్ధం రాబట్టే ప్రశ్న సాక్ష్యం చెప్పింది.

నేను రెండు పుటల ఉత్తరం వ్రాశాను. ఆ రెండు మాటలకు గల భేదాన్ని ఉదాహరణలతో వివరించాను. కావలిస్తే మళ్ళీ అదే ఇళ్ళకు మనిషిని పంపి, ఉద్దెర అన్న మాటతో అడిగి చూడమని కోరాను. జవాబు రాలేదు. పోయిన సొమ్ము నేనిస్తానంటే ఆమె తీసుకోలేదు. "మీ తప్పు కాదు సార్" అంది. నా తప్పు కూడా ఉందని నాకు తెలుసు. బడిలో ఉన్నన్నాళ్ళూ పిల్లలకు సరైన మాట నేర్పాను గాని, సరైన మాట వాడినందుకు చెల్లించవలసిన మూల్యం గురించి చెప్పలేదు.

ఇది ఒక్క మాటతో ముగిసే కథ అయితే ఇంత వ్రాయను. ఆ ఆదివారం నేను కాగితం మీద వ్రాసుకున్నవి ఇంకా ఉన్నాయి.

సర్ఫు సంగతి చూడండి. మన ఇళ్ళలో బట్టలుతికే పొడి ఏదైనా సర్ఫే. వనస్పతి ఏదైనా డాల్డాయే. ఒకామె "మేము నిర్మా సర్ఫు వాడతం" అంది. వ్యాకరణ రీత్యా అది చక్కని సమాసం. విపణి పరిశోధన రీత్యా ఏమవుతుంది? ఒకదానికొకటి పోటీ అయిన రెండు సరుకుల పేర్లు ఒకే జవాబులో వచ్చాయి. "బట్టల పొడి అనగానే మీకు మొట్టమొదట గుర్తుకు వచ్చే పేరు ఏది?" అన్న ప్రశ్నకు వీధి వీధంతా సర్ఫు అనే అంటుంది. అది వస్తువు పేరుగా అన్నారా, కంపెనీ పేరుగా అన్నారా అన్నది విన్న మనిషికి తెలుస్తుంది. ట్యాబుకు తెలియదు.

తరువాత అంగీకారపు మెట్లు. "పూర్తిగా అంగీకరిస్తాను, అంగీకరిస్తాను, అంగీకరించను కాదనను, అంగీకరించను, పూర్తిగా అంగీకరించను." రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1932లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. గొప్ప ఉపయోగం గల పద్ధతే. కాని మన ఇల్లాలు "ఫరవాలేదు" అంటుంది. ఫరవాలేదు ఏ మెట్టు? సాగదీసి అంటే నచ్చలేదని. తల ఊపుతూ అంటే బాగుందని. భుజం ఎగరేసి అంటే ఆ ఊసే అక్కరలేదని. ఈ మూడూ ట్యాబులో మధ్య మెట్టు మీదనే కూర్చున్నాయి.

ఇక "ఈ వస్తువు మీ దుకాణంలో లభిస్తే కొనుగోలు చేస్తారా?" అన్న ప్రశ్నకు వచ్చిన జవాబు "చూద్దాం". తెలుగునాట పుట్టిన ఎవరికైనా తెలుసు, చూద్దాం అంటే కొనము అని. ఎదుటి మనిషి నొచ్చుకోకుండా లేదని చెప్పే మర్యాద అది. పెళ్ళిసంబంధాలలో ఆ మాట విన్నవారందరికీ దాని అర్థం అనుభవమే. ట్యాబులో అది "బహుశా కొనవచ్చు" అయింది. పైగా ఎండలో పడి వచ్చిన ఆడపిల్లను చూసి జాలిపడి, "మంచిగనే ఉన్నది, కొంటం లే బిడ్డా" అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ మాట సబ్బును మెచ్చి అన్నది కాదు, పిల్లను చూసి అన్నది.

నాకు మరీ ముచ్చట గొలిపింది "గృహము" అన్న మాట. మన దేశంలో జాతీయ నమూనా సర్వే వారు ఒక కుటుంబమంటే ఏమిటో నిర్వచించుకున్నారు. సాధారణంగా కలిసి ఉంటూ, ఒకే వంటగది నుండి భోజనం చేసేవారు అని. ఆ నిర్వచనం చదివి నేను ఆశ్చర్యపోయాను. దీనికి తెలుగులో ఏనాటినుంచో మాట ఉంది కదా! వేరు కుంపటి పెట్టుకున్నారంటే వేరు కాపురమని ప్రతివారికీ తెలుస్తుంది. "మీ కుంపటి మీద ఎంతమందికి వంట అవుతుంది?" అని అడిగితే చాలు, శాస్త్రం కోరిన జవాబు వస్తుంది. దానికి బదులు "మీ గృహములోని సభ్యుల సంఖ్య" అని అడిగితే, శ్రీకాకుళం నుండి వచ్చి ఒకే గదిలో ఉంటూ వంతులవారీగా వండుకునే అయిదుగురు కుర్రవాళ్ళలో ఒకడు, ఊళ్ళోని తల్లిదండ్రులనూ చెల్లెలినీ లెక్కపెట్టి "నలుగురం" అన్నాడు. కుంపటి లెక్కన అయిదుగురు. వాడి మనసు లెక్కన నలుగురు. ప్రశ్న మనసును తాకింది, కుంపటిని తాకలేదు.

ఇన్ని చెప్పాక ఎదుటి పక్షం కూడా వినాలి. అచ్చులో ఉన్న ప్రశ్నను అక్షరం మార్చకుండా చదవాలన్న నియమం ఊరికే పుట్టలేదు. వెయ్యిమంది వెయ్యి విధాలుగా అడిగితే జవాబులను కలిపి లెక్క కట్టడం ఎలా? బడిలో ఒక గదిలో ఒక ప్రశ్నపత్రం, మరొక గదిలో వేరే ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు పోల్చలేము. ప్రశ్న కొద్దిగా కదిలినా ఫలితం ఎంత కదులుతుందో చెప్పడానికి మన దేశంలోనే గొప్ప నిదర్శనం ఉంది.

జాతీయ నమూనా సర్వేను 1950లో మహలనోబిస్ నేతృత్వంలో నెలకొల్పారు. కుటుంబాల ఖర్చు మీద అది చేసే సర్వేల నుండే పేదల సంఖ్య తేలేది. ఆహారం మీద ఖర్చు ఎంత అన్న ప్రశ్నను చాలాకాలం "గత 30 రోజులలో" అని అడిగేవారు. 1990లలో ప్రయోగాత్మకంగా కొన్ని ఇళ్ళలో "గత 7 రోజులలో" అని అడిగి చూశారు. వారం ప్రశ్నకు వచ్చిన జవాబులను నెలకు లెక్క కడితే ఖర్చు బాగా ఎక్కువ తేలింది. మనుషులు మారలేదు, తిండి మారలేదు, ప్రశ్న మారింది, పేదరికం తగ్గినట్లయింది. 1999-2000లో జరిగిన 55వ విడతలో ఈ రెండు ప్రశ్నలనూ ఒకే ఫారంలో పక్కపక్కన అడిగారు. ఒక జవాబు రెండో జవాబును ప్రభావితం చేసిందని ఆర్థికవేత్తల మధ్య ఏళ్ళ తరబడి వాదం నడిచింది. పేదలు నిజంగా తగ్గారా, ప్రశ్న వల్ల తగ్గారా అని. 2022-23 సర్వేలో పద్ధతి మళ్ళీ మార్చి, ఒకే ఇంటికి మూడు నెలలలో మూడు మార్లు వెళ్ళి, మూడు వేర్వేరు ప్రశ్నావళులతో అడిగారు.

కనుక ప్రశ్న స్థిరంగా ఉండాలన్న మాటను నేను గౌరవిస్తాను. నా ప్రశ్నల్లా ఒకటే. స్థిరంగా ఉండవలసినది అక్షరమా, అర్థమా? రుణం అన్న మాటను మెదక్ ఇల్లాలి ముందూ, బ్యాంకు ఉద్యోగి ముందూ ఒకే విధంగా ఉచ్చరించినంత మాత్రాన ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగినట్లు కాదు. అక్షరం ఒకటే, ప్రశ్నలు రెండు. ఉద్దెర అని ఒకచోట, అరువు అని ఒకచోట అడిగితే అక్షరాలు రెండు, ప్రశ్న ఒకటే. మా అమ్మాయి చేసినది ఈ రెండవది. నియమాన్ని ఉల్లంఘించినట్టు కనిపిస్తూ, నియమం పుట్టిన కారణాన్ని కాపాడింది.

ఇందులో ఎవరికేమి నష్టమంటారా? సబ్బులవాడు తప్పు లెక్క వేసుకుంటే వాడే నష్టపోతాడు, మనకేమి అనవచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాని ఈ లెక్కల మీదనే ఏ సందులో ఏ దుకాణం రావాలో, ఏ సరుకు ఎంత పాకెట్టులో రావాలో నిర్ణయమవుతోంది. మనిషి అంతస్తు కూడా నిర్ణయమవుతోంది. 2011లో ఈ వృత్తివారు ఒక కొత్త కొలబద్ద తెచ్చారు. ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి చదువు ఒక వైపు, పదకొండు వస్తువులలో ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది రెండో వైపు. కరెంటు, ఫ్యాను, గ్యాసు పొయ్యి, రంగుల టీవీ, ఫ్రిజ్జు మొదలుకొని కారు వరకు ఆ జాబితాలో ఉన్నాయి. అందులో వ్యవసాయ భూమి కూడా ఒకటి. ఫ్యానూ ఒకటే లెక్క, భూమీ ఒకటే లెక్క! అద్దె గదిలోని ఫ్యాను గది యజమానిది. ఊళ్ళోని అరెకరం నలుగురు అన్నదమ్ములది. "మీకు ఉందా?" అన్న ప్రశ్నకు వీటిలో దేనికి ఔననాలి? ఆ జవాబును బట్టి మనిషి ఒక మెట్టు ఎక్కుతాడు, దిగుతాడు. ఎక్కినట్టు వాడికి తెలియదు, దిగినట్టూ తెలియదు.

ఉద్దెర లెక్కలో లేకపోతే ఏమవుతుందో హైదరాబాదే చూసింది. కొత్త తరహా అంగళ్ళకు మన నగరం ప్రయోగశాల. 2001లో జెయింట్ అనే మహా విక్రయశాల ఇక్కడ మొదలైంది. 2006 నవంబరులో రిలయన్స్ ఫ్రెష్ తన తొలి దుకాణాలు తెరిచింది కూడా హైదరాబాదులోనే. అప్పుడు కిరాణా కొట్టుకు కాలం చెల్లిందని ఎందరో జోస్యం చెప్పారు. దేశమంతటా వందల దుకాణాలు తెరిచిన సుభిక్ష 2009లో చేతిలో డబ్బు ఆడక మూతపడింది. బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ అప్పుల్లో మునిగి 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. వాటి పతనానికి వాటి కారణాలు వాటికి ఉన్నాయి, ఉద్దెర ఇవ్వకపోవడం వల్లనే పడ్డాయని నేననను. కాని ఒక వింత చూడండి. అప్పు తీసుకున్న పెద్ద అంగళ్ళు కూలాయి. అప్పు ఇచ్చే చిన్న అంగడి మా సందు మొగన ఈనాటికీ ఉంది. అది ఎందుకు నిలిచిందో తెలుసుకోవాలంటే ఆ ఖాతా పుస్తకం చదవాలి. ఆ పుస్తకం ఉందో లేదో తెలుసుకోవడానికి అడిగిన ఒకే ఒక్క ప్రశ్నకు, భాష చాలక, "లేదు" అని జవాబు వ్రాసుకున్నారు.

ఇప్పుడు అడగవలసిన పనే లేదు, ఫోను చెల్లింపులే అన్నీ చెబుతాయి అని కొందరంటున్నారు. మా శావుకారి గల్లాపెట్టె మీద కూడా ఆ గళ్ళ బొమ్మ అతికించి ఉంది. ఆ ఇల్లాలు నెలంతా పూటకొక సరుకు ఉద్దెర తెచ్చుకుని, జీతం వచ్చిన రోజు మొత్తం బాకీ ఫోనులో ఒక్కసారి కడుతుంది. కంప్యూటరు దానిని చూసి, ఈమె నెలకొకసారి పెద్ద ఎత్తున సరుకులు కొనే మనిషి అనుకుంటుంది. పెద్ద పాకెట్ల ప్రకటనలు ఆమెకు పంపుతుంది. ఆమె ఏనాడూ అరలీటరు మించి నూనె ఒక్కసారిగా కొనలేదు.

విని, చూసి నేర్చుకున్నవారు లేకపోలేదు. కడలూరులో చిన్ని కృష్ణన్ షాంపూను చిన్న పాకెట్లలో పోసి అమ్మారు. ఆయన కుమారుడు రంగనాథన్ 1983లో మొదలుపెట్టిన సంస్థ చిక్ షాంపూను పల్లెపల్లెకూ చేర్చింది. సీసా కొనలేని మనిషి పాకెట్టు కొంటుందని గ్రహించడానికి ఆమె రోజు కూలి ఎంతో, ఆ కూలి ఎలా ఖర్చవుతుందో తెలియాలి. హిందుస్థాన్ లీవర్ వారు తమ సరుకులను ఊరి స్త్రీల చేత ఇంటింటికీ అమ్మించే శక్తి పథకాన్ని 2001 ప్రాంతంలో మన నల్లగొండ జిల్లాలోనే మొదలుపెట్టారు. స్వయంసహాయక సంఘాల స్త్రీలు అమ్మారు. ఆ పథకం మంచిచెడ్డల చర్చ వేరు. అమ్మే మనిషీ, కొనే మనిషీ ఒకే మాట మాట్లాడుకున్నారన్నది మాత్రం గమనించదగినది.

దుకాణాల లెక్క తీసే పద్ధతి కూడా ఒకటి ఉంది. వెనుక ఉన్న సరుకుకు కొత్తగా వచ్చిన సరుకు కలిపి, మిగిలినది తీసివేస్తే అమ్మకం తేలుతుంది. అందులో అనువాదం అక్కరలేదు. మన అంతరిక్ష పరిశోధనకు ఆద్యుడైన విక్రమ్ సారాభాయి 1960లో బరోడాలో ఆపరేషన్స్ రీసెర్చ్ గ్రూప్‌ను స్థాపించారంటే మీలో కొందరికి ఆశ్చర్యం కలగవచ్చు. దుకాణాల లెక్కలను మన దేశంలో పెద్ద ఎత్తున తీసిన సంస్థ అది. దేశానికి కొలత కావాలని నమ్మిన తరం అది. ఆ నమ్మకాన్ని నేనూ పంచుకుంటాను. కాని దుకాణం లెక్క ఎంత పోయిందో చెబుతుంది, ఎవరు ఎందుకు కొన్నారో చెప్పదు. దానికి మనిషినే అడగాలి. అడగాలంటే భాష కావాలి.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. ప్రశ్నావళి తెలుగులోకి వచ్చాక, దానిని ఎవరికోసం వ్రాశారో ఆ సందులో పది ఇళ్ళలో చదివి చూడాలి. నవ్వు వచ్చిన ప్రతి వాక్యాన్నీ మార్చాలి. ఉద్దెర, అరువు, బాకీ, ఖాతా వంటి మాటలను ప్రాంతాలవారీగా ప్రశ్న పక్కనే అచ్చువేసి, వీటిలో ఏదైనా వాడవచ్చునని అడిగేవారికి అనుమతి ఇవ్వాలి. తనిఖీ చేసే ఫోనుకు కూడా అవే మాటలు ఇవ్వాలి. "ఫరవాలేదు" అన్న జవాబును మెట్టుగా మార్చకుండా, ఫరవాలేదు అనే వ్రాసుకునే చోటు ఒకటి ఉంచాలి. అన్నిటికంటే ముందు, ఒక పిల్ల ఫారాలు అందరి ఫారాలకూ భిన్నంగా ఉంటే, దొంగ అనేముందు ఒక్కసారి ఎలా అడిగావమ్మా అని ఆమెను అడగాలి.

పండితులమైన మనకూ ఇందులో పాలు ఉంది. దశాబ్దాలుగా మనం ప్రభుత్వపు తెలుగును, పత్రికల తెలుగును విమర్శిస్తూ వచ్చాము. మనుషుల ఇళ్ళలోకి వెళ్ళి వాళ్ళ ఖర్చులూ అప్పులూ అడిగే తెలుగును మాత్రం ఎవ్వరమూ పట్టించుకోలేదు. అది సాహిత్యం కాదనుకున్నాము.

మొన్న మా అమ్మాయి మళ్ళీ కనబడింది. వేరే సర్వేలో చేరిందట. ఈసారి టీపొడి. ప్రశ్నలు ఎలా ఉన్నాయమ్మా అని అడిగాను.

"అట్లనే ఉన్నాయి సార్. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చదువుతున్నా. ఒక్క ఫారం కూడా వాపసు రాలేదు" అంది.

బాగుందనాలో, బాగులేదనాలో తోచక నేను ఫరవాలేదన్నాను.

మీ మీ ప్రాంతాలలో ఉద్దెరను ఏమంటారో, ఇటువంటి ప్రశ్నలు మీ గుమ్మంలోకి వచ్చినప్పుడు మీరేమి జవాబిచ్చారో వ్రాయగోరుతాను. వాటిని ఒకచోట కూర్చి మా అమ్మాయికి ఇవ్వాలని ఉంది. ఎప్పటికైనా పనికివస్తాయి.

స్వస్తి.